నేలకు తాకిన తాడు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాంపల్లిలో ఒక ఇంటి బావి నీళ్లు పరీక్షకు తీసిన రోజు, సీసాకు కట్టే తాడు నా చేతిలోంచి జారి మేకను కట్టేసే చోట పడింది. దాన్ని ఎత్తి, దులిపి, అదే తాడుతో సీసాను బావిలోకి దించాను. మూడో రోజు ఆ నీళ్లు చెడ్డవని రిపోర్టు రాశాను. బావి మూసేశారు. తాడు సంగతి రిపోర్టులో లేదు. నా డైరీలో మాత్రం ఉంది.

నీళ్ల పరీక్షల లేబొరేటరీలో పదకొండేళ్లు పనిచేసి, ముప్పై మూడో ఏట మానేశాను. రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు. గాజు సామాను కడిగే యాసిడ్ నా చేతుల చర్మాన్ని తినేసింది, ఇక ఆ పని కుదరదని డాక్టరు తేల్చేశాడు. నా బల్ల దగ్గర నా తర్వాత కూర్చునే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాయను. అవి మొదటి నెలలోనే మీకు ఎవరో ఒకరు చెబుతారు.

పని ఏమిటంటే

మా లేబొరేటరీ ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత మేడ మీద ఉండేది. నీళ్ల సీసాలు పొద్దున వచ్చేవి. ఆ నీళ్లను ఊదా రంగు ద్రవం ఉన్న గొట్టాల్లో పోసి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులు ఉంచుతాం. ద్రవం పసుపుగా మారి, లోపలి చిన్న గొట్టంలో గాలి బుడగ చేరితే ఆ నీళ్లలో మలం కలిసిందని అనుమానించాలి. మనిషిదైనా, పశువుదైనా. మొత్తం ఉద్యోగం ఇంతే. మిగతాదంతా ఆ బుడగ నీళ్ల నుంచి వచ్చిందా, నీ చేతి నుంచి వచ్చిందా అని తేల్చుకోవడం.

ఈ మాట ఇంట్లో సూటిగా చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. నీళ్లలో క్రిములు చూస్తామని చెప్పి ఊరుకునేదాన్ని. ఎలా తెలిసిందో మా నాయనమ్మకు అసలు సంగతి తెలిసిపోయింది. ఆమెది గట్టి మడి. ఆరేసిన చీరను కర్రతో తీసుకునేది, మనిషి చెయ్యి తగలనిచ్చేది కాదు.

"ఏందే, పొద్దంత గదే జూసుకుంట కూసుంటవా?" అంది.

"సీసాలో ఉంటుంది నాయనమ్మా. కంటికి కనబడదు."

"కనబడకపోతే ఇంకా ఖరాబు. పో, నీళ్లు పోసుకొని రా. గప్పటిదాంక పొయ్యి దిక్కు రాకు."

ఆ రోజు నుంచి ఉద్యోగం మానేదాకా సాయంత్రం హిమాయత్‌నగర్ బస్సు దిగగానే నాకు స్నానం తప్పలేదు. కనబడకపోతే ఇంకా ఖరాబు అన్న మాట మాత్రం మా పాఠ్యపుస్తకాల కంటే సూటిగా ఉందని డైరీలో రాసుకున్నాను.

మా పైఅధికారి రంగనాథరావు గారు. అరిచే మనిషి కాదు. ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవారు. అరిచేవాళ్లంటే నాకు అంత భయం లేదు, వాళ్లు అరిచి వెళ్లిపోతారు. ఈయన మౌనానికే నాకు భయం. మొదటి రోజు ఆయన నాకు నేర్పింది ఒకటే. "వసుంధరమ్మా, నీళ్లను అనుమానించే ముందు నీ చేతిని అనుమానించు. తర్వాత సీసాను. తర్వాత తాడును."

మూడూ ఆయన చెప్పారు. నాకు చెప్పలేదని నేను అనలేను.

నలభై బాల్చీలు

నేను చేరిన మరుసటి ఏడు నాంపల్లిలో ఒక ఇంటి బావిలో పావురం పడి చచ్చిందని కబురు వచ్చింది. బావి లోపలి వాకిట్లో ఉంది. పరదా పాటించే ఇల్లు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ యాదగిరి గుమ్మం దాటి లోపలికి పోలేడు. అందుకే నన్ను పంపారు.

ఆ ఇల్లు హలీమా బీది. వీధంతా ఆమెను ఖాలా అనేది, అంటే పిన్ని. భర్త పోయాడు, పిల్లలు లేరు. వీధి ఆడపిల్లలకు ఖురాన్ చదవడం, శుద్ధి నియమాలు నేర్పేది. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు పెరటి తలుపుల గుండా ఒకరి ఇంట్లోంచి ఒకరు నడిచి, బజారు మొహం చూడకుండా ఆ బావికి వచ్చేవారు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. నాతో తెలుగే ఎక్కువ.

నేను పోయేసరికి పావురాన్ని తీసేశారు. ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు తోడి మోరీలో పోస్తున్నారు. ఖాలా జపమాల పూసలు జరుపుతూ లెక్కపెడుతోంది.

"ముప్పై ఏడు. గట్ల సగం సగం తోడకు రజియా, అల్లాకు లెక్కలొస్తయి. ముప్పై ఎనిమిది. ఆ, దవాఖాన పిల్లా, జర ఆగు. ఇంకా రెండే."

నాది దవాఖాన కాదని చెప్పాలనుకుని ఊరుకున్నాను. నలభై పూర్తయ్యాక, నలభయ్యే ఎందుకని అడిగాను.

"ఎలుక పడి సస్తే ఇరవై. కబూతర్, పిల్లి అయితే నలభై. కుక్క పడితే నీళ్లన్నీ తోడాలె. ఉబ్బి పగిలిందా, ఎంత చిన్నదైనా నీళ్లన్నీ. ముందుగాల సచ్చినదాన్ని బయటికి తియ్యాలె, అప్పటిసంది లెక్క. దాన్ని లోపలుంచి వెయ్యి తోడినా లెక్కలకు రాదు."

"తోడిన బాల్చీ సంగతి? తాడు?"

"ఆఖరి బాల్చీతోటి బాల్చీ, తాడు, తోడినోళ్ల చేతులు, బావి గోడలు, అన్నీ పాక్ అయిపోతయి. మళ్ల ఒక్కొక్కటి కడుక్కుంట కూసుంటే బతుకెట్ల నడుస్తది?"

లోపల నవ్వుకున్నాను. క్రిములకు నలభై తెలుసా, ముప్పై తొమ్మిది తెలుసా? కానీ ఒకటి గమనించాను. తోడినంతసేపూ వాళ్లు బాల్చీని ఒక్కసారి కూడా నేల మీద పెట్టలేదు. తోడగానే గోడకున్న కొక్కేనికి తగిలించారు. తాడును చుట్టి మేకుకు వేశారు. మా లేబొరేటరీలో నాకంటే ముందు చేరినవాళ్లు కూడా అంత శ్రద్ధగా ఉండేవారు కాదు.

ఆ రోజు నేనూ శ్రద్ధగానే తీశాను. నీళ్లు బాగానే ఉన్నాయని తేలింది. నలభై బాల్చీల సంగతి నవ్వుతూ చెబితే రంగనాథరావు గారు నవ్వలేదు. "నలభై తోడితే ఏ బావైనా కొంత బాగుపడుతుంది. మనవాళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లి పోతారు, ఒక్క బాల్చీ తోడరు."

రిపోర్టు ఇవ్వడానికి పోయినప్పుడు ఖాలా నాకు శుద్ధి నియమాల మీద చిన్న ఉర్దూ పుస్తకం ఇచ్చింది. మా నాన్న ఉర్దూలో చదువుకున్న గుమాస్తా, నాకు అక్షరాలు ఆయనే నేర్పారు. దానికి న్యూస్ పేపర్ అట్ట వేసి రోజూ బస్సులో కూడబలుక్కుంటూ చదివాను. అందులో శుభ్రం వేరు, పాక్ అంటే మతనియమం ప్రకారం శుద్ధం కావడం వేరు. బురద నీళ్లు చూడ్డానికి మురికిగా ఉన్నా పాక్ కావచ్చు. అద్దంలాంటి నీళ్లలో ఒక్క చుక్క మూత్రం పడితే, అది నిలవ నీళ్లయితే, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు కూడా పనికిరాదు. ఇంకో నియమం నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. నీళ్లు పాక్ అని తెలిసి ఉండి, తర్వాత అనుమానం మాత్రమే వస్తే, ఆ అనుమానంతో అవి చెడిపోవు. మాది సరిగ్గా దీనికి తలకిందులు. అనుమానముంటే చాలు, మేము నీళ్లు చెడ్డవంటాం. ఏది సరైనదని అప్పుడు నాలో నేను వాదించుకున్నాను. ఇప్పుడు రెండూ సరైనవే అంటాను. మాది తాగేవాణ్ణి కాపాడటానికి, వాళ్లది వెర్రి శంకతో మనిషి కడుక్కుంటూనే చావకుండా కాపాడటానికి. రెండింటికీ కావలసింది మాత్రం చూసింది చూసినట్టు చెప్పే మనిషి.

ఆ రోజు

మరుసటి వానాకాలం ఆ వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇద్దరిని దవాఖానలో చేర్చారు. యాదగిరి రిక్షాలో వచ్చి నన్ను తీసుకుపోయాడు. దారంతా ఒకటే మాట.

"బావే మేడమ్, నాకెర్కే. మీరు జర జల్ది శాంపిల్ తియ్యిన్రి, నేను బంద్ చేపిస్త. పోయిన కొలువుల ఒక పోరి నా చేతుల మీదనే పోయింది. మళ్ల గది జూడలేను."

అతను చెడ్డవాడని మీరు అనుకోవద్దు. మూయగలిగిందంతా మూసేస్తే పిల్లలు బతుకుతారని నమ్మిన మనిషి. అటువంటి మనిషి పక్కన ఉన్నప్పుడే మన పని మనం నిదానంగా చేయాలి. నేను చేయలేదు.

వాకిట్లో ఈసారి మేక ఉంది. కాగితంలో చుట్టిన తాడు విప్పుతుంటే బయటి నుంచి యాదగిరి, "అయిందా మేడమ్?" అని కేకేశాడు. ఉలిక్కిపడ్డాను. తాడు జారి మేక పెంటికల మధ్య పడింది. తెరల వెనక పదిమంది ఆడవాళ్ల కళ్లు నా మీదే ఉన్నాయని తెలుస్తోంది. రెండో తాడు తెచ్చుకోవాలి, అది నిబంధన. నేను దాన్ని సొరుగులో మరిచిపోయి వచ్చాను.

"బేటీ, తాడు కింద పడ్డది," అంది ఖాలా.

"ఏం కాదు ఖాలా. నేల పొడిగానే ఉంది."

ఆమె తాడు వైపు చూసింది, నా వైపు చూసింది. "సదువుకున్నదానివి. నీకు ఎర్కనే గద."

నేల పూర్తిగా పొడిగా లేదు. అది వానాకాలం.

సిగ్గు ఆడపిల్లకు అందమని మా ఇంట్లో అనేవారు. ఈ ఉద్యోగంలో అది పనికిరాదు. తాడు పాడైంది, రేపు వస్తాను అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలూ పదిమంది ముందు అనలేక నేను సీసాను దించాను.

అడిగి తెలుసుకున్న మాట

గొట్టాలన్నీ పసుపెక్కాయి. అన్నింటిలో బుడగలు. రంగనాథరావు గారు చూసి అన్నారు: "ఇంత ఎక్కువా? పోయిన ఏడాది బాగుందిగా. మళ్లీ ఒకసారి తీద్దామంటావా?"

అడిగి, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. తీద్దామంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి.

"అక్కర్లేదు సార్," అన్నాను.

రిపోర్టు పట్టుకుని యాదగిరితో పోయాను. అతను గుమ్మం బయట నిలబడ్డాడు. నీళ్లు తాగడానికి పనికిరావని నేను లోపల చెప్పాను. పాఠం చదివే ఆడపిల్లలు ఖాలా చుట్టూ ఉన్నారు.

"తాగనీకి పనికిరావు, సరే. వజూకు?" అని అడిగింది.

బయటి నుంచి యాదగిరి, "గా ముచ్చటెందుకమ్మా, బంద్ అంటే బంద్!" అన్నాడు.

"నువ్వు ఆగు బాబూ. నీ కాగితం నీది, నా నమాజు నాది." ఆమె నా వైపు తిరిగింది. "కాగితం ముచ్చట వద్దు బేటీ. నీళ్లల్ల గలీజు కలిసిందా, లేదా? నీ నోటితోటి చెప్పు."

"కలిసింది ఖాలా."

ఆమె పాఠం చెప్పే గొంతుతోనే, నాకూ ఆ పిల్లలకూ కలిపి చెప్పింది: "నీళ్ల సంగతిల ఒక్క మనిషి మాట చాలు, ఆ మనిషి మీద భరోసా ఉంటే. ఈమె మన మతందిగాదు. గట్లాంటప్పుడు మన దిల్‌ను అడగాలె. నా దిల్ ఈమె మాట నిజమే అంటున్నది."

ఎప్పటి నుంచి కలిసిందని అడిగింది. నాకు తెలియదన్నాను. జాగ్రత్త కోసం మూడు రోజులు లెక్కపెట్టుకుంది. ఆ మూడు రోజుల్లో ఆ నీళ్లతో వజూ చేసి చదివిన నమాజులన్నీ మళ్లీ చదవాలంది. ఉతికిన బట్టలు మళ్లీ ఉతకాలంది. అందరికీ కబురు పంపింది. ఒకామె తెర వెనక నుంచి, "నిన్ననే దుప్పట్లన్నీ పిండిన ఖాలా, నా నడుములు!" అని ఏడుపుగొంతుతో అంటే మిగతావాళ్లు నవ్వారు. నవ్వి, మళ్లీ ఉతికారు.

ఖాలా యాదగిరిని అడిగింది: "ఒక్క దినం టైమియ్యి. నీళ్లన్నీ తోడిపిస్త, అడుగు కనవడేదాంక. ఈ పిల్ల మళ్లొచ్చి సీసా నింపుకొని పోతది. అప్పుడు ఖరాబని వస్తే నేనే దగ్గరుండి మూపిస్త."

"ఆర్డర్ అయిపోయిందమ్మా. ఇగ లేబొరేటరోళ్లు మళ్ల జూస్తమంటే తప్ప నా చేతుల లేదు," అన్నాడతను.

అతను నిజమే చెప్పాడు. అది నా చేతుల్లో ఉంది. ఖాలా నా మొహం వైపు చూసింది. నేను రిపోర్టును మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను.

నాలుగో రోజు బావి మీద రాతిపలక వేసి సిమెంటు చేశారు. ఆ వీధి ఆడవాళ్లు బురఖాలు వేసుకుని వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడటం మొదలుపెట్టారు. ఖాలా కూడా బిందెతో నిలబడిందని యాదగిరే చెప్పాడు. తెచ్చిన నీళ్లు ఇంట్లోకే చాలక, పాఠానికి వచ్చే పిల్లలు సగమయ్యారు. రెండు వారాల్లో జబ్బు తగ్గింది. బావి మూయడం వల్లేనని యాదగిరి అన్నాడు. అదే రెండు వారాల్లో, మోరీలోంచి పోయే కుళాయి గొట్టానికి పడిన పగులును కూడా బాగుచేశారు. జబ్బు దేనివల్ల వచ్చిందో, దేనివల్ల పోయిందో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారిని మూసింది నేను.

ఆ ఉర్దూ పుస్తకం మళ్లీ తీశాను. నిలవ నీళ్లలో మేక పెంట తగిలిన తాడు మునిగితే ఆ నీళ్లు నాపాక్. అప్పుడు నాకు అర్థమైంది, కలిసిందని నేను చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కలిపింది నేనే కావచ్చు. దాన్ని కూడా తోడేస్తే పోయేది. ఆమె తోడిస్తానన్నది.

తర్వాతి సంవత్సరాలు

అప్పటి నుంచి నా సంచిలో మూడు తాళ్లు ఉండేవి. మీరూ మూడు పెట్టుకోండి.

కొన్నేళ్లకు బషీర్‌బాగ్‌లో ఒక హాస్టల్ నుంచి తెచ్చిన సీసాల్లో ఒకదాని మూత కాగితం చిరిగి ఉంది. ఎప్పుడు చిరిగిందో, మిగతావాటి మూతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోలేదు. ఆ రోజు తెచ్చినవన్నీ పారబోసి రంగనాథరావు గారి ముందు నిలబడ్డాను. "సార్, నేను సరిగ్గా చూసుకోలేదు. మళ్లీ తేవాలి."

ఆయన తలెత్తలేదు. "మంచిది. రిక్షా చెప్పించుకో," అన్నారు.

అంతే. ఇన్నేళ్లు నేను భయపడిన మౌనం వెనక ఉన్నది ఇంతే. ఆ రోజు ఇంటికి పోయి డైరీలో ఏమీ రాయలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది.

రిపోర్టులు తప్పుగా రావడం పెద్ద తప్పు కాదు, మళ్లీ పరీక్ష చేస్తే దొరికిపోతాయి. మళ్లీ పరీక్ష అక్కర్లేదనడమే తప్పు. నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదొక్కటే, అది కూడా వేరేవాళ్ల బావి ఖర్చుతో.

నాంపల్లి శాంపిళ్లు వచ్చినప్పుడల్లా ఏదో ఒక నెపం చెప్పి తోటి ఉద్యోగినిని పంపేదాన్ని. తొమ్మిదేళ్లు ఆ వీధిలో అడుగుపెట్టలేదు.

చివరిసారి

ఉద్యోగం మానిన వారానికి, పుస్తకం తిరిగి ఇవ్వాలన్న వంకతో పోయాను. రెండు చేతులకూ మందు రాసి గుడ్డ కట్టుకుని ఉన్నాను. ఖాలా బాగా వంగిపోయింది. రాతిపలక మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాకిట్లోకి కుళాయి వచ్చింది. నలుగురు పిల్లలు చదువుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"దవాఖాన పిల్లా! చేతులకు ఏమైంది?"

"గాజు సామాను కడిగే యాసిడ్ ఖాలా."

"కడిగి కడిగి గిట్లయిందా? మా కితాబుల గూడ గంత కడుగుమని లేదే!" పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్లను లోపలికి పొమ్మంది. పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డ కట్లను చూసింది. గాయానికి కట్టున్నవాళ్లు వజూ కోసం దాన్ని విప్పాల్సిన పని లేదని, తడిచేత్తో పైన తుడిస్తే చాలని, నేను అడగకపోయినా చెప్పింది. ఆ సంగతి పుస్తకంలో చదివానన్నాను.

పుస్తకం ఇచ్చాను.

"ఖాలా, ఆ రోజు తాడు..."

ఆమె చెయ్యెత్తి ఆపింది. "నేను జూసిన గద. నువ్వెందుకు చెప్పాలె?"

"మీరు యాదగిరితో ఎందుకు అనలేదు?"

"మాట నీది. నీ మాట నేనెట్ల చెప్త?"

తర్వాత గోడ వైపు చూపించింది. బాల్చీ తగిలించే కొక్కెం పక్కన, తలెత్తి చూస్తే తప్ప కనబడనంత ఎత్తులో ఒక మేకు ఉంది. దానికి సన్నటి తాడు చుట్ట వేలాడుతోంది. దుమ్ముపట్టి నల్లబడింది. విప్పిన జాడ లేదు. మూసేసిన బావికి తాడెందుకని అడగబోయి, దాని మందం చూసి ఆగిపోయాను. అది బాల్చీ తాడు కాదు. సీసాలకు మేము కట్టే తాడంత సన్నది.

ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఆ చలికాలంలో పోయిందని తెలిసింది. నాతో ఆమె అన్న చివరి మాటలు డైరీలో ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"సిమెంటు పెట్టనీకి ఒకదినం ముందు బేగంబజార్‌కెళ్లి తెప్పించిన, నువ్వు మళ్లొస్తవని. తొమ్మిదేండ్లసంది నేలకు తాకనియ్యలే బేటీ. నువ్వే రాలే."